డిస్కు మరమ్మతు – సమాచార నష్టము

బెంగుళూరు నగరమందలి పాతపేటలలో నగర్తపేట యొకటి. నగర్త వర్తకుల పేరు దీనికి నిలిచినది. కరగ ఉత్సవమునకు స్థానమైన ధర్మరాయస్వామి దేవాలయ మిచటనే కలదు. దీనికి చేరువనున్న సాదర్ పత్రప్ప రోడ్డు నేడు కంప్యూటరు భాగముల విక్రయమునకును, మరమ్మతునకును పేరొందినది. చెడిన డిస్కును చేతబట్టుకొని ఆ అంగళ్ళకు పోవు తెలుగు కుటుంబమునకు, అందున్న అవ్వ పెండ్లిపాటల ధ్వనిముద్రణయో, పిల్లల తెలుగు పాఠములో డిస్కు వెలకంటె విలువైనవి. డిస్కు మరల కొనవచ్చును. పరభాషా ప్రాంతమున కూర్చుకొన్న ఆ తెలుగు మాట మరల దొరకదు. కావున మరమ్మతు వలన నష్టమెట్లు కలుగునో తెలిసికొనుట యవసరము.

డిస్కునందు రెండు విధములైన వ్రాత లుండును. ఒకటి విషయము, రెండవది ఆ విషయ మెచ్చట నున్నదో తెలుపు పట్టిక. మొదటిది గ్రంథాలయమందలి పుస్తకముల వంటిది, రెండవది వాని జాబితా వంటిది. పని ముగియకముందే విద్యుత్తు పోయినను, డిస్కును ఊడదీసినను పట్టిక వ్రాత సగములో నిలిచిపోవచ్చును. అప్పుడు పుస్తకము లున్నను జాబితా తప్పగును.

విండోసునందలి చెక్‌డిస్క్, యూనిక్సునందలి ఎఫ్‌ఎస్‌సీకే మున్నగు సాధనములు ప్రధానముగా ఈ పట్టికను పొందికపరచుటకు ఏర్పడినవి. విషయము యొక్క విలువ వానికి తెలియదు. పట్టికతో సంబంధము తెగిన ఖండములకు చెక్‌డిస్క్ వరుస సంఖ్యలతో క్రొత్త పేర్లు పెట్టును. ‘అవ్వపాటలు’ అను పేరు పోయి అంకెలు మిగులును. ఒకే ఖండమును రెండు ఫైళ్ళు తమదిగా చూపినచో, పట్టిక సరియైనను వానిలో ఒకటి యైనను తప్పు విషయముతో మిగులును. ‘లోపములు సవరింపబడినవి’ అను వాక్యమునకు ‘సమాచారము దక్కినది’ అని యర్థము కాదు.

సాధనము పాతదైనను ప్రమాదమే. 1995లో వచ్చిన విండోస్ 95 పొడవైన ఫైలు పేర్లకు వీలు కల్పించినది. వాని నెరుగని పూర్వపు డిస్కు సాధనములు ఆ పేర్లను లోపములుగా నెంచి చెరపివేయగలిగెడివి. వైద్యు డెరుగని యవయవమును రోగమని కోసివేసినట్టిది ఈ చికిత్స.

ఇక డిస్కు యంత్రమే చెడి టకటక శబ్దము చేయుచున్నచో, సాఫ్టువేరు మరమ్మతు తగదు. దీర్ఘకాలము చదివించుటచే మిగిలిన భాగము కూడ దెబ్బతినవచ్చును. దానిని వెంటనే ఆపి, సమాచారమును వెలికితీయు నిపుణుల కప్పగింపవలెను.

ఈ విషయమున తెలుగువారికి మంచి మార్గదర్శకము కలదు. సి. పి. బ్రౌను కడపలో తాటాకు ప్రతులను సేకరించి, నకళ్ళు వ్రాయించి, పండితులచే పాఠములను పోల్చించి, శుద్ధప్రతులను సిద్ధము చేయించెను. దిద్దుబాటు వేరొక ప్రతిలో జరిగినప్పుడు, అది తప్పైనను మూలము నిలిచియుండును. డిస్కునకును ఇదే న్యాయము.

కనుక లోపము కనబడగనే ఆ డిస్కుపై క్రొత్తగా నేమియు వ్రాయరాదు. మొదట దాని యావద్భాగమునకు, అంతకు తక్కువ కాని మరియొక డిస్కుపై నకలు తీయవలెను. జీఎన్‌యూ డీడీరెస్క్యూ వంటి సాధనము చదువ వీలైన భాగములను ముందు గ్రహించి, చెడిన భాగములను తరువాత ప్రయత్నించును. మరమ్మతును నకలుపైననే చేయవలెను. చెక్‌డిస్క్‌ను ఏ గుర్తును చేర్చక నడిపినచో లోపములను చూపును గాని దిద్దదు. ‘ఎఫ్’ గుర్తు చేర్చినప్పుడు దిద్దుటకు పూనుకొనును. దొరకిన ఫైళ్ళను చెడిన డిస్కునందే దాచరాదు. అవి ఇంకను దొరకవలసిన వానిని కప్పివేయగలవు.

అంగడిలో డిస్కు నిచ్చునపుడు అడుగవలసిన మాట ‘ఇది బాగగునా?’ అని కాదు. ‘ముందు నకలు తీయుదురా?’ అని. ఆ యొక్క ప్రశ్నకు సరియైన సమాధానము వచ్చువరకు డిస్కును చేతినుండి విడువకుండుట మేలు.