పాఠం చెప్పడమూ నేర్చుకోవాల్సిన విద్యే

బడిలో పాఠం చెప్పాలంటే బీఈడీయో డీఈడీయో ఉండాలి. యూనివర్సిటీలో ఆ నిబంధన లేదు. నెట్ లేదా సెట్ అర్హత పరీక్ష గట్టెక్కినవారు, పీహెచ్‌డీ చేసినవారు అసిస్టెంట్ ప్రొఫెసర్ ఉద్యోగానికి పోటీ పడవచ్చు. నెట్ మొదటి పేపర్లో బోధన మీద కొన్ని ప్రశ్నలుంటాయి గానీ, అభ్యర్థి చేత పాఠం చెప్పించి చూడరు. సబ్జెక్టు తెలియడం ఒకటి, తెలిసినదాన్ని ఎదుటివారికి అర్థమయ్యేలా చెప్పడం మరొకటి.

ఈ లోటు పూడ్చడానికే 1986 జాతీయ విద్యా విధానం తర్వాత విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) దేశమంతటా అకడమిక్ స్టాఫ్ కాలేజీలు పెట్టింది. కొత్తగా చేరినవారికి ఓరియంటేషన్, సర్వీసులో ఉన్నవారికి రిఫ్రెషర్ కోర్సులు మొదలయ్యాయి. ఈ సంస్థలే తర్వాత మానవ వనరుల అభివృద్ధి కేంద్రాలయ్యాయి. 2023 నుంచి మాలవీయ మిషన్ ఉపాధ్యాయ శిక్షణ కేంద్రాలుగా నడుస్తున్నాయి. ఉస్మానియా, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, ఆంధ్రా, శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయాల్లో ఇవి ఉన్నాయి.

అయితే పదోన్నతికి ఈ కోర్సులు తప్పనిసరి కావడంతో చాలామందికి సర్టిఫికెట్టే ముఖ్యమైపోయింది. పైగా శిక్షణలో ఎక్కువ సమయం ఉపన్యాసాలు వినడంతోనే సరిపోతే, అది గట్టున కూర్చుని ఈత నేర్చుకోవడమే.

చేయించి నేర్పే పద్ధతులు ఎప్పటినుంచో ఉన్నాయి. 1960లలో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో మైక్రోటీచింగ్ రూపుదిద్దుకుంది. పాఠం అయిదు నుంచి పది నిమిషాలే. ఎదురుగా నలుగురైదుగురు విద్యార్థులు. సాధన చేసేది ఒక్క నైపుణ్యమే, ఉదాహరణకు ప్రశ్న అడగడం. వీడియో తీసి చూపిస్తే, అడిగిన ప్రశ్నకు తానే జవాబు చెప్పేయడం, బోర్డు వైపు తిరిగి మాట్లాడటం, ముందు బెంచీనే చూడటం అధ్యాపకుడికి స్వయంగా కనిపిస్తాయి. వెంటనే అదే పాఠం మళ్లీ చెప్పాలి. ప్రశ్న అడిగాక టీచర్లు సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారని మేరీ బడ్ రో అనే అమెరికన్ పరిశోధకురాలు బడుల్లో గమనించారు. మూడు సెకన్లు ఆగితే పిల్లల జవాబులు నిడివిలోనూ ఆలోచనలోనూ మెరుగయ్యాయి. కాలేజీ క్లాసులోనూ పరీక్షించి చూడదగిన సంగతి ఇది.

హార్వర్డ్‌లో ఫిజిక్స్ చెప్పే ఎరిక్ మజూర్‌ అనుభవమూ చెప్పుకోదగ్గదే. లెక్కలు చకచకా చేసే విద్యార్థులు బలం, చలనం గురించిన మామూలు ప్రశ్నలకు తడబడటం చూసి, 1990ల ఆరంభంలో ఆయన పద్ధతి మార్చారు. క్లాసు మధ్యలో ఒక ప్రశ్న ఇచ్చి, ఎవరికి వారు జవాబు ఎంచుకున్నాక, పక్కవారితో వాదించి మళ్లీ ఎంచుకోమన్నారు. ఎంతమందికి అర్థం కాలేదో పరీక్షల దాకా ఆగకుండా అప్పుడే తేలిపోతుంది. దీనికి ఖరీదైన పరికరాలు అక్కర్లేదు, చేతులెత్తించినా చాలు.

శిక్షణ కేంద్రం నుంచి తిరిగి వచ్చాక ఏం జరుగుతుందన్నదే అసలు ప్రశ్న. తోటి అధ్యాపకుడు సెమిస్టరుకు ఒకసారైనా వెనక బెంచీలో కూర్చుని పాఠం విని, చూసింది చూసినట్టు చెప్పడం అన్నిటికన్నా మేలైన శిక్షణ. అది తప్పులెన్నే తనిఖీలా మారకూడదు. పాఠం విన్నవారు రాసుకున్న నోట్సు పదోన్నతి ఫైలులోకి వెళ్లకూడదు. విద్యార్థుల అభిప్రాయాలనూ సెమిస్టరు చివర్లో కాక మధ్యలోనే తీసుకుంటే, ఆ బ్యాచ్‌కే ఉపయోగపడతాయి. వీటికి యూజీసీ ఉత్తర్వులు రానవసరం లేదు. డిపార్ట్‌మెంట్ హెడ్లు వచ్చే సెమిస్టరు నుంచే మొదలుపెట్టాలి.