పరదేశంలో పండుగ: తెలుగునాట యువ మిషనరీల క్రిస్మస్ దినాలు

మానవుడు ఎక్కడ నివసించినా సంవత్సరంలోని పెక్కు దినాలు ఎట్లో గడచిపోతాయి. పండుగ దినం మాత్రం గడవదు. కన్నవారికి, పుట్టిన ఊరికి దూరంగా ఉన్నవానికి ఆ ఒక్క దినం ఒక యుగంగా తోస్తుంది. ఈ సత్యం మన ప్రాంతం వారికి వేరొకరు బోధించనవసరం లేదు. రాయికల్, కోరుట్ల, జగిత్యాల ప్రాంతాల నుండి దుబాయి, మస్కట్, దోహా, రియాద్ నగరాలకు జీవనోపాధికై వెళ్ళినవారు అనేకులు. సిరిసిల్ల నేతపనివారు భివండి, సూరత్, షోలాపూర్ పట్టణాలకు వలసపోయిన చరిత్ర కూడా మనకు తెలిసినదే. ఈద్ నాడు గానీ, బతుకమ్మ నాడు గానీ ఇంట ఒక విస్తరి తక్కువ కాని కుటుంబాలు మన చుట్టుపట్ల అరుదు. అట్టి మనకు, ఒకప్పుడు సముద్రాలు దాటి మన తెలుగునేలకు వచ్చి, తమ పండుగను మన మధ్య గడిపిన కొందరు యువకుల జీవితం తెలిసికొనదగిన విషయం.

ముందుగా ఆ పండుగను గూర్చి నాలుగు మాటలు. ఏసుక్రీస్తు జన్మదినంగా డిసెంబరు 25ను రోమునగర క్రైస్తవులు నాలుగవ శతాబ్దం నాటికే పాటిస్తూ ఉండినారు. ఆర్మేనియా సంఘం వారు జనవరి 6న, పాత పంచాంగాన్ని అనుసరించే రష్యా తదితర దేశాల సంఘాలవారు జనవరి 7న ఈ పండుగ చేసికొంటారు. పండుగకు పూర్వం నాలుగు ఆదివారాలు ఎదురుచూపు దినాలు. పండుగ తరువాత జనవరి 6 వరకు ఉత్సవకాలం. కనుక క్రిస్మస్ అనేది ఒక దినం కాదు, ఒక ఋతువు. ముస్లిం విద్యార్థులకు ఈ గాథ పరాయిది కాదు. హజ్రత్ ఈసాను ప్రవక్తగా గౌరవించడం మన విశ్వాసంలో భాగం. ఆయన మాతృమూర్తి పేరనే దివ్య ఖురానులో 19వ సూరా ఉన్నది. ఖర్జూర వృక్షం చెంత ఆ తల్లి ప్రసవవేదన పడిన వృత్తాంతం ఆ సూరాలోనిదే.

ఐరోపా, అమెరికా దేశాలలో ఈ పండుగ మంచు కురిసే కాలంలో, ఇంటిలో పొయ్యి చుట్టూ కుటుంబమంతా కూర్చుండే కాలంలో వస్తుంది. తెలుగుదేశంలో ఆ కాలం వేరు. వానలు వెలిసి, వరికోతలు ముగిసి, బాటలు ఎండి, బండ్లు నడిచే రోజులవి. వేసవిలో గ్రామసంచారం దుస్సాధ్యం. వర్షాకాలంలో వాగులు దాటనీయవు. కాబట్టి మిషనరీలకు గ్రామాలు తిరుగుటకు అనువైన కాలం ఈ చలికాలమే. స్వదేశంలో అందరూ ఇల్లు చేరే దినాలలో వీరు ఇల్లు విడిచి, ఎద్దుబండిపై గుడారం వేసికొని, ఊరూరా తిరుగుతూ ఉండేవారు. పరదేశంలో వారి పండుగకు, స్వదేశంలోని పండుగకు గల మొదటి భేదం ఇదియే.

1841లో హెన్రీ ఫాక్స్, రాబర్ట్ నోబుల్ అనే ఇద్దరు ఆంగ్లేయులు మచిలీపట్నం చేరినారు. ఫాక్స్ వయస్సు అప్పటికి 24 సంవత్సరాలు. ఆయన తెలుగు నేర్చి గ్రామాలు తిరిగినాడు. ఇక్కడి ఎండలకు ఆరోగ్యం చెడినది, భార్య మరణించినది. చివరకు స్వదేశం చేరి 1848లో, 31 సంవత్సరాల ప్రాయంలోనే కన్నుమూసినాడు. నోబుల్ 1843లో ఒక పాఠశాల స్థాపించినాడు. అదియే తరువాత నోబుల్ కళాశాలగా ప్రసిద్ధి కెక్కినది. ఆయన అవివాహితుడు. మరల స్వదేశం చూడకుండగనే 1865లో మచిలీపట్నంలోనే మరణించినాడు. ఇరువది నాలుగు క్రిస్మస్ పండుగలు పరాయి ఊరిలో గడచిన తరువాత ఆ ఊరు ఆయనకు ఇంకా పరాయిదేనా? ఇది ఆలోచించదగిన ప్రశ్న.

ఆయన జీవితంలోని చివరి క్రిస్మస్ ఎట్టిదో చూడండి. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి తుపాను గాలికి సముద్రం పొంగి మచిలీపట్నాన్ని ముంచివేసినది. సుమారు 30 వేలమంది ప్రాణాలు కోల్పోయినారని చరిత్ర చెబుతున్నది. ఆ విలయం జరిగిన ఎనిమిది వారాలకు క్రిస్మస్ వచ్చినది. శవదహనాలు, ఖననాలు ముగిసీ ముగియని ఊరిలో పండుగకు అర్థమేమి? బ్రతికియున్నవారికి తోడుగా నిలుచుటకంటె మరొక అర్థం ఉండజాలదు.

సరిగా ఆ డిసెంబరులోనే మరొక యువకుడు నడిసముద్రంలో ఉన్నాడు. అతడు జాన్ ఎవరెట్ క్లౌ, వయస్సు 28. అమెరికాలో భూములు కొలిచే సర్వేయరు పని నేర్చినవాడు. నెల్లూరులో అమెరికన్ బాప్టిస్టుల మిషను ఆ రోజులలో మూతబడు స్థితిలో ఉండేది. పటంలో ఒంటరిగా కనిపించే ఆ కేంద్రానికి ‘ఒంటరి నక్షత్రం’ అనే పేరు వచ్చినది. దానిని మూసివేయవద్దని పట్టుబట్టిన లైమన్ జ్యూయెట్ వెంట, క్లౌ 1864 నవంబరు చివర బోస్టన్ రేవులో తెరచాప ఓడ ఎక్కినాడు. సూయెజ్ కాలువ ఇంకా తెరువలేదు. అది తెరచినది 1869లో. కనుక ఆఫ్రికా ఖండం దక్షిణపు కొనను చుట్టి, 1865 ఏప్రిల్‌లో గానీ మన తీరం చేరలేదు. ఇల్లు విడిచిన తరువాత అతని మొదటి క్రిస్మస్‌కు నేలయే లేదు; చుట్టూ నీరు మాత్రమే. జాబు వ్రాసినా దానిని అందించే ఓడ ఎదురుపడవలె. నేడు గల్ఫ్ దేశం నుండి మన సోదరుడు పండుగ నమాజు ముగించి వెంటనే ఫోనులో తల్లి ముఖం చూడగలుగుతున్నాడు. ఆ నాటి ఒంటరితనం లోతు ఎంతటిదో ఈ తారతమ్యం వలన గ్రహించవచ్చును.

క్లౌ 1866లో ఒంగోలు చేరినాడు. అంతకు పన్నెండేండ్ల క్రితం, 1854 జనవరి 1వ తేదీ తెల్లవారుజామున, జ్యూయెట్ తన భార్యతో, ముగ్గురు తెలుగు క్రైస్తవులతో ఆ ఊరి కొండ ఎక్కి ప్రార్థన చేసియుండెను. అదియును క్రిస్మస్ కాలమే. ఇరువురు పరదేశీయులు, ముగ్గురు తెలుగువారు కలిసి చేసికొన్న ఆ నూతన సంవత్సరారంభం క్రైస్తవ చరిత్రలో నిలిచిపోయినది.

క్లౌ జీవితంలో మనం ఆగి ఆలోచింపవలసిన ఘట్టం 1876-78 నాటి మహాక్షామం. మద్రాసు ప్రభుత్వం ఆ కాలంలో బకింగ్‌హాం కాలువ త్రవ్వకాన్ని క్షామ నివారణ పనిగా చేపట్టినది. పూర్వపు సర్వేయరు విద్య అక్కరకు వచ్చి, క్లౌ సుమారు మూడున్నర మైళ్ళ కాలువ పనిని కంట్రాక్టుగా తీసికొని వేలాది బడుగువారికి కూలి కల్పించినాడు. ఆకలిగొన్న జనం అతని చుట్టూ చేరినారు. మతంలో చేరుతామన్నవారు అసంఖ్యాకులు. అప్పుడాతడు ఏమి చేసినాడు? కూలికొరకు, గింజలకొరకు వచ్చినవారెవరో, విశ్వాసంతో వచ్చినవారెవరో తేలవలెనని తలచి, ఏడాదికి పైగా ఎవరికినీ బాప్తిస్మం ఇవ్వకుండ నిలిపివేసినాడు. సహాయపు పనులు ముగిసిన తరువాతనే, 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో 2,222 మందికి ఒక్కదినమున బాప్తిస్మం జరిగినది.

ఈ సంఘటనపై నేటికీ భిన్నాభిప్రాయాలు కలవు. అన్నం పెట్టిన చేతిని ఆశ్రయించుట ఆకలికి సహజమని, కనుక ఆ మార్పులో క్షామం పాలు ఉన్నదని కొందరి వాదం. అంటరానితనపు బరువు క్రింద నలిగినవారు గౌరవాన్ని వెదకికొన్నారని మరికొందరి వాదం. రెండింటిలోనూ కొంత సత్యం ఉన్నది. ఐనను ఒక మాట ఒప్పుకొనక తప్పదు. ఆకలిని అవకాశంగా వాడుకొనగల స్థితిలో ఉండి, వాడుకొనకుండ ఆగినవాడు సేవకు, ప్రతిఫలానికి నడుమ ఒక గీత గీయదలచినాడు. ఏ మతంవారు చేసే సేవకైనా ఇదియే గీటురాయి. కుడిచేయి ఇచ్చినది ఎడమచేయి ఎరుగరాదని పెద్దలందరూ చెప్పినది ఇందుకే.

ఇక మన తెలంగాణమునకు వత్తము. 1895లో చార్లెస్ వాకర్ పాస్నెట్ అనే పాతికేళ్ళ ఆంగ్ల యువకుడు వెస్లియన్ మెథడిస్టు మిషను పక్షాన సికింద్రాబాదు చేరినాడు. తొలుత తిరుమలగిరి దండులో సైనికుల మధ్య పని. అక్కడ ఇంగ్లీషు మాటలు, ఇంగ్లీషు భోజనం, ఇంగ్లీషు క్రిస్మస్ అన్నియు సిద్ధంగానే ఉండేవి. కాని ఆ సౌఖ్యం ఆయనకు రుచింపలేదు. గ్రామాలవైపు మనసు మరలి, గుర్రంపై మెదకు చేరినాడు. అప్పటి నిజాం రాజ్యంలో 1880ల నుండి కచేరీ భాష ఉర్దూ, పల్లెల భాష తెలుగు. కనుక ఇట్టి యువకునికి ఇంటి భాష ఒకటి, బయటి భాషలు రెండు. తెలుగు నేర్చుటకు బ్రౌను దొర నిఘంటువు, 1873లో ఆర్డెన్ వ్రాసిన వ్యాకరణం ఆ కాలపు పరదేశీయులకు సాధనాలు. ఐనను భాష పుస్తకంలో దొరకదు. పొలం గట్టుపై, బావి దగ్గర, సంతలో దొరుకుతుంది. ఉర్దూ, తెలుగు రెండూ చదువుకొంటున్న మన కళాశాల విద్యార్థులు తమకు పుట్టుకతో లభించిన ఈ సంపదను, ఒక పరదేశి ఎంత శ్రమపడి ఆర్జించవలసి వచ్చినదో గుర్తింతురు గాక.

1914లో మెదకులో ఆయన ఒక మహాదేవాలయ నిర్మాణం ఆరంభించినాడు. ప్రపంచ యుద్ధం, కరవు, ధరల పెరుగుదల కలసి పేదలను పీడించిన కాలమది. నిర్మాణపు పని ఎందరికో కూలియై, కూడై ఆదుకొన్నదని ఆ ప్రాంతంలో నేటికీ చెప్పుకొంటారు. ‘పనికి ఆహారం’ అనే మాట ప్రభుత్వ పత్రాలలోకి రాకమునుపే మెదకులో ఆ పద్ధతి నడచినదన్నమాట. పది సంవత్సరాల పిమ్మట, 1924 డిసెంబరు 25న, సరిగా క్రిస్మస్ నాడే ఆ చర్చి ప్రతిష్ఠ జరిగినది. నిడివి 200 అడుగులు, వెడల్పు 100 అడుగులు, గంటల గోపురం ఎత్తు 175 అడుగులు. రంగుటద్దాల గవాక్షాలు మూడింటిలో ఒకటి క్రీస్తు జననాన్ని చిత్రించినది. అది 1947లో అమరినది. వెలుపలి నుండి సూర్యకాంతి ప్రసరించినంతవరకే ఆ బొమ్మలు కనిపిస్తాయి. చీకటి పడిన వెంటనే మాయమవుతాయి. పాతికేళ్ళ యువకుడుగా వచ్చినవాడు, ఏబది నాలుగేళ్ళ వయస్సులో ఈ క్రిస్మస్‌ను చూచినాడు. నేడు ఆ దినాన మతభేదం లేక వేలాది జనం మెదకు చేరుతారు. పరదేశి పండుగ ఊరి జాతరయైనది.

ఇంకను దగ్గరి ఉదాహరణ డిచ్‌పల్లి. జగిత్యాల నుండి కోరుట్ల, మెట్‌పల్లి, ఆర్మూరు మీదుగా నిజామాబాదు చేరితే అది ఎంతో దూరం కాదు. స్కాట్లాండు దేశపు వైద్యురాలు ఇసబెల్ కెర్ భర్తతో కూడ 1907లో నిజాం రాజ్యానికి వచ్చినది. కుష్ఠరోగులను ఊరు వెలివేసే ఆ రోజులలో, వారికొక నివాసం, వైద్యం కల్పింప తలపెట్టినది. నిజామాబాదు దాత రాజా నర్సాగౌడు చేయూతనిచ్చినాడు. నిజాం ప్రభుత్వం తోడ్పడినది. 1915లో డిచ్‌పల్లి ఆసుపత్రి వెలసినది. ఒక క్రైస్తవ వైద్యురాలి సంకల్పం, ఒక హిందూ దాత ఔదార్యం, ఒక ముస్లిం ప్రభువు ఆదరణ కలసి వెలివేయబడినవారికి నీడయైనవి. చాల్‌మోగ్రా జాతి నూనెను సూదిమందుగా ఇచ్చుటయే ఆనాటి చికిత్స. ఆ వైద్యురాలు 1932 డిసెంబరులో, అనగా క్రిస్మస్ మాసంలోనే, ఈ గడ్డపై మరణించినది.

అయితే ఈ చరిత్రను చదువునప్పుడు ఒక భేదాన్ని మరువరాదు. ఆ యువకుల వెనుక పాలకజాతి ప్రతిష్ఠ ఉండేది. వారిని చూచి అధికారి లేచి నిలిచేవాడు. మన పల్లెలను అజ్ఞానాంధకారమయమని వర్ణించిన వ్రాతలు ఆ కాలపు మిషనరీలలో కొందరు వ్రాయకపోలేదు. గల్ఫ్ దేశంలో ఎండలో ఇటుకలు మోసే మన యువకుని వెనుక ఏ ప్రతిష్ఠయు లేదు. అతని పాస్‌పోర్టు సయితం కొన్ని చోట్ల యజమాని చేతిలో చిక్కుకొంటున్నది. కావున ఇరువురి ఒంటరితనం ఒకటే అయినను ఇరువురి బలం ఒకటి కాదు. ఆ మిషనరీ తన ఇష్టంతో ఇల్లు విడిచినాడు. మనవాడు అవసరంతో విడిచినాడు.

ఈ భేదాన్ని గుర్తిస్తూనే గ్రహింపదగినవి మూడు కలవు. ఉన్నచోటి భాష నేర్చినవానికి ఆ చోటు సగం స్వదేశమవుతుంది. పండుగను తలుపు మూసికొని గాక, ఇరుగుపొరుగుతో పంచుకొన్నవాని ఒంటరితనం తరుగుతుంది. ప్రతిఫలం కోరని పని మాత్రమే మనిషి పోయిన తరువాతను నిలుస్తుంది. క్లౌ త్రవ్వించిన కాలువ, మెదకు గోపురం, డిచ్‌పల్లి ఆసుపత్రి ఇందుకు సాక్ష్యాలు.

విద్యార్థులారా! దూరదేశాల నుండి వచ్చినవారు తమ జాబులను, దినచర్యలను పదిలపరచికొన్నారు కనుకనే నేడు వారి పండుగల గూర్చి మనం వ్రాయగలుగుతున్నాము. మన ఊళ్ళ నుండి వెళ్ళినవారి మాట ఎవరు వ్రాస్తున్నారు? పరదేశంలో మొదటి రంజాన్ ఎట్లు గడచినదో, మొదటి దసరా నాడు ఏమి వండుకొన్నారో, మీ తండ్రులను, అన్నలను అడగండి. వారి అనుమతితో ఉర్దూలో గానీ తెలుగులో గానీ వ్రాసి తెండి. మెదకు, డిచ్‌పల్లి దర్శనానికి ఒక విజ్ఞాన యాత్రను, అట్టి వ్యాసాలకు వచ్చే సంచికలో కొన్ని పుటలను కేటాయింపవలసినదిగా కళాశాల కమిటీ పెద్దలకు సవినయంగా మనవి చేస్తున్నాను. ఒక జాతి చరిత్ర రాజుల కోటలలోనే కాదు, పరదేశంలో ఒంటరిగా పండుగ చేసికొన్న సామాన్యుని జాబులోను ఉంటుంది.