పడవ వెంట నడచు అక్షరములు

కృత్తివెన్ను మండలమున రొయ్యల చెఱువుగట్టుపై నిలిచి వనామి సాగును గూర్చి తోటి రైతులకు వీడియోలో బోధింపదలచిన యువకునికిని, ఉప్పుటేటిలో సాగిపోవు మరపడవను సెల్‌ఫోనులో పట్టి తన పల్లెపాలెమును లోకమునకు చూపదలచిన జాలరి బిడ్డకును తొలుత ఎదురగు చిక్కు ఒక్కటే: చూపు వస్తువు కదలుచున్నది, దాని పేరు మాత్రము తెరపై ఒకచోటనే నిలిచిపోవుచున్నది. వార్తలకైనచో తెర అడుగున కదలక నిలుచు అక్షరపంక్తి చాలును. కాని ఒకే దృశ్యమున నీటికి గాలినందించు ఏరియేటరు, మోటారు, మేతను పరీక్షించు చెక్ ట్రే అన్నియు కనబడుచుండగా, క్రొత్తగా సాగునకు దిగినవానికి ఏది యేదో తెలియవలెనన్నచో, ప్రతి పేరును తన వస్తువును అంటిపెట్టుకొనియే తిరుగవలెను. ఎడిటింగు చేయువారు ఈ పనిని ట్రాకింగు అందురు.

ట్రాకింగు లేని దినములలోను ఈ పని జరుగకపోలేదు. వీడియో సెకనుకు 30 ఫ్రేముల చొప్పున నడచినచో పది సెకన్ల దృశ్యము 300 స్థిరచిత్రముల వరుస. ఎడిటరు కొన్ని ఫ్రేములకొకమారు ఆగి, అక్షరములను చేతితో జరిపి, అచ్చట వాని స్థానమును గుర్తు పెట్టును. ఆ గుర్తులే కీఫ్రేములు. రెండు కీఫ్రేముల నడిమి దారిని యంత్రము తానే పూరించును. గట్టుపై తిన్నగా నడచు మనిషికి ఇది చాలును. అలపై లేచిపడు పడవకు చాలదు, ఏలయన యంత్రము పూరించు దారి నునుపైనది, పడవ దారి అట్టిది కాదు.

కదలికను యంత్రమే కనిపెట్టుటకు నేటికిని ఆధారముగ నున్న గణితమార్గములలో ఒకదానిని 1981లో అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమునకు చెందిన బ్రూస్ లూకాస్, టకేవో కనాడే అను శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. మొదటి ఫ్రేములో మనము వస్తువుపై ఒక చిన్న చదరమును గీయుదుము. అందలి వెలుగునీడల అమరికను యంత్రము జ్ఞాపకముంచుకొని, తరువాతి ఫ్రేములో ఆ చుట్టుపట్ల అట్టి అమరిక యెచ్చట నున్నదో వెదకును. వారు చూపిన విశేషమేమన, అన్ని తావులను తడవి చూచుటకు మారుగా, చదరములోని వెలుగు ఏ దిక్కున ఎంత త్వరగా మారుచున్నదో లెక్కించి, ఆ లెక్కనుండియే వస్తువు ఎంత జరిగినదో రాబట్టుట.

ఈ మర్మము తెలిసినవానికి చదరమును ఎచ్చట పెట్టవలెనో మఱియొకరు చెప్పనక్కఱలేదు. పడవ అంచు పొడవునా ఒకే తీరున నుండును గనుక, ఆ అంచు వెంబడి ముందుకు జరిగినను వెనుకకు జరిగినను చదరములోని బొమ్మ మారదు. యంత్రము అచ్చట జాఱిపోవును. నీటిపై పెట్టుట మఱింత తప్పు, అల ఫ్రేముకొక రూపు దాల్చును గదా. ఏరియేటరు చక్రపు రెక్కలన్నియు ఒక్క పోలికనే యుండుటచే యంత్రము ఒక రెక్కను చూచి వేఱొక రెక్కయని భ్రమపడును. కావున చక్రమును విడిచి, దానిని తేల్చు ఫ్లోటు మూలను పట్టవలెను. పడవకైతే అణియము చెంత రంగుతో వ్రాసిన రిజిస్ట్రేషను సంఖ్యలో 4 వంటి అంకె దొరకినచో అంతకు మించిన ఆధారము లేదు: రెండు దిక్కుల గీతలు కలిసిన మూల గనుక ఎటు జరిగినను పట్టుబడును. ఏ మూల నమ్మదగినదో కొలిచి తేల్చు పద్ధతిని 1994లో జియాన్‌బో షీ, కార్లో టొమాసీ అనువారు వివరించిరి.

ఇదే విద్య సినిమాలలోను కనబడును. 1957 నాటి ‘మాయాబజార్’ చిత్రములో మార్కస్ బార్ట్లీ ఛాయాగ్రహణము చూపిన అద్భుతములు నేటికిని ఆశ్చర్యమునే కలిగించును, ఐనను, వేర్వేఱుగ తీసిన చిత్రములను ఒక్కటిగ అతుకవలెనన్నచో కెమెరాను కదలనీయక బిగించుటయే ఆనాటి సాధారణ నియమము. 2012లో వచ్చిన ‘ఈగ’ చిత్రములోనో, కంప్యూటరు పుట్టించిన ప్రాణిని నిజమైన కెమెరా తీసిన దృశ్యములలో ఇముడ్చవలసి వచ్చెను, హైదరాబాదునందలి మకుట సంస్థ ఆ కృషికి జాతీయ పురస్కారము నందెను. తీసిన దృశ్యములోని కదలికను మొదట లెక్కగట్టి, తరువాత అందులో లేనిదానిని ఆ కదలికకు ముడివేయుట అను సూత్రము ఈగకైనను, ఊరి పేరుకైనను ఒక్కటే. ఒకప్పుడు స్టూడియోలకే అందిన ఆ విద్య నేడు బ్లెండర్ వంటి ఉచిత సాధనములలోను లభించుచున్నది.

ఇక అన్నిటికంటె ముఖ్యమని నేను నమ్ము మాట: వస్తువు కదలికనంతయు అక్షరములకు అంటగట్టరాదు. ‘కృత్తివెన్ను’ అను పేరునే చూడుడు: కకారమునకు వట్రసుడి, తకారము క్రింద ఒత్తు, నకారము క్రింద ఒత్తు. తెలుగు లిపిలో అర్థమును నిలుపు సన్నని గీతలు పెక్కు పంక్తికి దిగువనే యుండును. పడవ ఊగిన ప్రతి ఊపునకు పేరును ఊపినచో మొదట చెదరునవి ఆ గీతలే. చెఱువులో పనివాడు తాడు పట్టి చెక్ ట్రేను పైకెత్తి, మేత ఎంత మిగిలినదో, రొయ్యల పేగు నిండినదో లేదో చూచును. అప్పుడు ట్రే అటునిటు ఊగును. రెండు బిందువులను ట్రాకు చేసినచో దాని వాలును, దగ్గఱ దూరములును సయితము యంత్రమునకు తెలియును. అంతమాత్రమున పేరును కూడ వాల్చుట అవివేకము. స్థానమును మాత్రము గైకొని, అందలి చిన్న అదురులను తగ్గించి, పేరును నిటారుగ నిలుపవలెను. పడవ ప్రక్కపై రంగుతో వ్రాసినట్లే అక్షరములు కనబడవలెనన్న కోరిక వేఱు: అప్పుడు ఆ పలక నాలుగు మూలలను పట్టి, పలక ఎట్లు వాలిన అక్షరములును అట్లే వాలునట్లు చేయవలెను. కొన్ని సాఫ్ట్‌వేరులలో భారతీయ లిపులకు తగిన అమరికను ఎంచుకొననిచో ఒత్తులు విడిపోయి ప్రక్కకు వచ్చిపడును. ట్రాకింగునకు పూర్వమే దీనిని సరిచూచుకొనుట మేలు.

నడుమ ఒక మడచెట్టు అడ్డము వచ్చినచో యంత్రము పడవను విడిచి చెట్టును పట్టుకొనును. అచ్చట ట్రాకింగును ఆపి, చెట్టు దాటిన పిమ్మట అదే అంకె మూలపై చదరమును మరల నుంచి, నడిమి ఖాళీని కీఫ్రేములతో పూరింపవలెను. ఈ శ్రమలో సగము చిత్రీకరణ వేళనే తప్పించుకొనవచ్చును: షట్టరు వేగమును పెంచినచో ఫ్రేములలో గీతలు అలుకుకొనిపోకుండును, పడవకు పైన పేరు పట్టునంత ఆకాశమును విడిచి తీసినచో, అక్షరములు సరంగు ముఖమును కప్పవు.