హిట్ అండ్ రన్ (భారత చట్టం)

వాహనంతో మనుషులను ఢీకొట్టి, ఆగకుండా వెళ్ళిపోవడాన్ని హిట్ అండ్ రన్ అంటారు.

మోటారు వాహనాల చట్టం (1988) 134వ సెక్షను ప్రకారం డ్రైవరు క్షతగాత్రులకు వైద్యసహాయం అందేలా చూడాలి. జనాగ్రహం వలన అది సాధ్యం కానిచోట మినహాయింపు ఉన్నది. చాలామంది ఈ మినహాయింపును పారిపోవడానికి అనుమతిగా భావిస్తారు, అది సరికాదు. అక్కడ పోలీసు అధికారి లేనిచో 24 గంటలలోపు సమీప పోలీసు స్టేషనులో తెలుపవలసినదే. క్షతగాత్రులకు ఎందుకు సాయపడలేకపోయినదీ అందులో చెప్పాలి. బీమా సంస్థకు కూడా సమాచారమివ్వాలి. ఈ విధిని పాటించనివారికి 187వ సెక్షను క్రింద 6 నెలల వరకు జైలు, 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు.

నిర్లక్ష్యంతో మరణం కలిగించడం వేరే నేరం. దీనికి భారతీయ న్యాయ సంహిత 106(1) క్రింద 5 సంవత్సరాల వరకు జైలుశిక్ష ఉన్నది. తెలుపకుండా పారిపోయినవారికి 10 సంవత్సరాల వరకు శిక్ష విధించే 106(2)పై 2024 జనవరిలో లారీ డ్రైవర్లు సమ్మె చేశారు. హైదరాబాదులో పెట్రోలు బంకుల వద్ద వాహనాలు బారులు తీరాయి. అదే సంవత్సరం జూలై 1న సంహిత అమలులోకి వచ్చినపుడు ఈ ఉపవిభాగాన్ని మాత్రం పక్కన పెట్టారు.

ఢీకొట్టిన వాహనమేదో తెలియనపుడు మృతుని కుటుంబానికి 2 లక్షలు, తీవ్రంగా గాయపడినవారికి 50,000 రూపాయలు పరిహారం లభిస్తుంది. 2022 ఏప్రిల్ 1కి ముందు ఇవి 25,000, 12,500 మాత్రమే. దరఖాస్తు చేసుకునేవారు తక్కువ. నెలరోజులలో వాహనం ఆచూకీ తెలియనిచో ఈ పరిహారం సంగతి బాధితులకు వ్రాతపూర్వకంగా తెలుపాలని 2024 జనవరిలో సుప్రీంకోర్టు పోలీసులను ఆదేశించింది.