బీపీ చూపించుకుంటే సంతకం పెట్టినట్టు కాదు

ఏలూరు: ఆశా కార్యకర్త ఇంటికి వచ్చి, అరుగు మీద కూర్చోబెట్టి, చేతికి పట్టా చుట్టి బీపీ చూడడం మన పల్లెల్లో ఇప్పుడు కొత్త సంగతి కాదు. ఆ అంకె ఎక్కడికి పోతుంది, దానితో ఎవరేం చేస్తారు అని అడిగేవారు మాత్రం తక్కువ.

అవిభక్త పశ్చిమ గోదావరి జిల్లాలో 18 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల పరిధిలోని 54 గ్రామాల్లో జార్జ్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు ఇటువంటి అంకెలతోనే ఒక అధ్యయనం జరిపారు. 40 ఏళ్లు దాటినవారి వయసు, బీపీ, పొగాకు అలవాటు వంటి వివరాలు ట్యాబులో ఎక్కిస్తే, గుండెపోటు, పక్షవాతం ముప్పు ఎవరికి ఎక్కువో అది లెక్కకట్టేది. ఫలితాలు 2019లో వెలువడ్డాయి. ముప్పున్నవారిని ఇళ్ల వద్దే గుర్తించగలిగారు గానీ, బీపీ అదుపులోకి వచ్చినవారి సంఖ్యలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు.

అక్కడ పరీక్షకు పెట్టింది కొత్త మందును కాదు, వైద్యం అందించే పద్ధతిని. అయితే కొత్త మందుల పరీక్షలకు కూడా రోగులను ఇలా దూరం నుంచే ఎంచుకునే పద్ధతి ఇప్పుడు వచ్చింది. ఇందులో మేలు లేకపోలేదు. ఆసుపత్రికి వచ్చినవారినే తీసుకుంటే ఎక్కువగా పట్నంవారే దొరుకుతారు. ఇంటి వద్ద కొలతలు తీస్తే పల్లెవారికీ చోటు దక్కుతుంది. ఒక్కనాటి బీపీ కంటే చాలా రోజుల కొలతలు రోగి స్థితిని బాగా తెలుపుతాయి కూడా.

కానీ పరికరం చెప్పిందే తుది మాట కాదు. అమెరికాలో 2017లో మొదలైన ఒక అధ్యయనంలో 4,19,297 మంది నాడిని చేతి గడియారాలు గమనించాయి. 2,161 మందికి నాడి సక్రమంగా లేదని హెచ్చరిక వచ్చింది. తరువాత ఛాతీకి అంటించుకునే పట్టీలు పంపి చూడగా, వాటిని వాడి తిరిగి పంపినవారిలో 34 శాతం మందికే గుండె లయలో లోపం కనిపించింది.

అంతకన్నా ముఖ్యమైనది మనిషి సమ్మతి. 2009లో ఖమ్మం జిల్లాలో బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సరు టీకా వేసినప్పుడు, తల్లిదండ్రులకు బదులు హాస్టలు వార్డెన్లే సంతకాలు పెట్టిన ఉదంతాలు బయటపడ్డాయి. 2010లో ఆ కార్యక్రమాన్ని నిలిపివేశారు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం దానిని గట్టిగా తప్పుపట్టింది.

2019 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం, మందు పరీక్షలో చేర్చే ముందు రోగికి అర్థమయ్యే భాషలో అన్నీ చెప్పి రాతపూర్వకంగా సమ్మతి తీసుకోవాలి. చదువురానివారికి చెప్పేటప్పుడు పరీక్షతో సంబంధం లేని సాక్షి ఉండాలి. చేరినవారు ఎప్పుడైనా మానుకోవచ్చు. అందువల్ల వారికి అందే మామూలు వైద్యం ఆగకూడదు. పరీక్ష కారణంగా హాని జరిగితే ఉచిత వైద్యం, నష్టపరిహారం ఇవ్వాలి.

కనుక ఎవరైనా వచ్చి, మీ పేరు జాబితాలో వచ్చింది, ఇక్కడ వేలిముద్ర వేయండి అంటే నాలుగు మాటలు అడగాలి. ఇది వైద్యమా, పరీక్షా? ఇచ్చే మందు ఏమిటి? హాని జరిగితే ఎవరి దగ్గరకు వెళ్లాలి? వద్దంటే ఏమవుతుంది? సమాధానం అర్థమయ్యేదాకా వేలిముద్ర వేయనక్కరలేదు. వేస్తే, ఆ కాగితం ప్రతి ఒకటి అడిగి తీసుకుని ఇంట్లో దాచుకోవాలి.