అతుకు కనబడని చదరం

పిల్లలూ! మీ ఇంటి నేలను ఎప్పుడైనా పరకాయించి చూశారా? మా నంద్యాల ప్రాంతంలో బేతంచెర్ల నాపరాళ్ళు పరిచిన ఇళ్ళు చాలా వున్నాయి. మేస్త్రి ఎంత పనివాడైనా బండకూ బండకూ నడుమ సన్నని గీత మిగులుతుంది. నేలమీద ఆ గీత వల్ల నష్టం లేదు. కంప్యూటర్ తెరమీద మాత్రం అదే పెద్ద చిక్కు!

ఆళ్ళగడ్డ రాతి శిల్పాలకు పేరుపొందిన ఊరు. అక్కడి శిల్పులను గురించి మా విద్యార్థులు కొందరు ఒక వెబ్ పేజీ తయారుచేశారు. అక్షరాల వెనుక రాతి గరుకుదనం కనిపించాలని ఒక రాయిని ఫొటో తీసి, అందులో చదరపు ముక్కను పేజీ నిండా పరిచారు. తీరా చూస్తే రాయి కాదు, గళ్ళ దుప్పటి కనిపించింది!

ఒకే పెద్ద ఫొటో పెట్టవచ్చు గదా అంటారా? లెక్క వేద్దాం. అడ్డంగా 1,920, నిలువుగా 1,080 చుక్కలున్న తెరకు మొత్తం 20,73,600 చుక్కలు. ఒక్కొక్క చుక్క రంగుకు 3 బైట్ల చొప్పున సుమారు 62 లక్షల బైట్లు. అదే 100 చుక్కల చదరానికి 30,000 బైట్లు చాలు. అంటే రెండువందలవ వంతు కూడా కాదు! ఆ ముక్కను ఒక్కసారి తెచ్చుకుంటే బ్రౌజరే దాన్ని కావలసినన్ని సార్లు పరుస్తుంది. సిగ్నల్ సరిగా అందని పల్లెలో కూడా పేజీ త్వరగా తెరుచుకుంటుంది.

మరి గీతలెందుకు వచ్చాయి? ముక్కలను పక్కపక్కన పరిస్తే ఒకదాని కుడి అంచు, మరొకదాని ఎడమ అంచు కలుస్తాయి. ఫొటో తీసినప్పుడు ఎండ ఒక పక్కనుంచి పడింది. అందుచేత ఒక అంచు తెల్లగా, రెండోది నల్లగా వుంది. అవి కలిసిన చోటల్లా గీత పడింది. పై అంచు, కింది అంచుల సంగతీ ఇంతే.

దీనికి ఒక ఉపాయముంది. మీరే చేసి చూడండి.

1. చదరపు కాగితం నడుమ, అంచులకు తగలకుండా ఒక పువ్వు గీయండి.

2. కాగితాన్ని నాలుగు సమాన చదరాలుగా కత్తిరించండి.

3. ముక్కలను తిప్పకుండా, పై ఎడమ ముక్కను కింది కుడి ముక్కతోనూ, పై కుడి ముక్కను కింది ఎడమ ముక్కతోనూ మార్చి అతికించండి.

4. ఇప్పుడు నడుమ ఖాళీ వచ్చింది గదా! అక్కడ, అంచులను తాకకుండా ఆకులు గీయండి.

దీనికి నకళ్ళు తీసి పక్కపక్కన పేర్చండి. అతుకు కనబడదు! ఎందుకంటే ఇప్పటి అంచులు మొదట కాగితం నడుమ ఒకదానికొకటి అంటుకొని వున్నవే. మా పిల్లలు తమ ఫొటోకు కంప్యూటర్లో ఇదే చేశారు. అతుకంతా నడిమికి వచ్చింది. దానిపై అదే రాతిలోని వేరే భాగాన్ని అద్ది కప్పేశారు.

అయినా ఒక చిక్కు మిగిలింది. రాతిలో ఒక తెల్లమచ్చ వుంది. అది పేజీ పొడవునా వరుసలు కట్టింది. ఒకే గుర్తు మళ్ళీ మళ్ళీ వస్తే మన కన్ను ఇట్టే పట్టేస్తుంది. మచ్చను చెరిపి, రంగును పలుచన చేశాకనే అక్షరాలు హాయిగా చదవ వీలయింది.

తలం మీద రెండు దిశల్లో ఇలా తిరిగి తిరిగి వచ్చే నమూనాలు ఎన్నో వున్నా, సౌష్ఠవాన్ని బట్టి అవి 17 రకాలేనని 1891లో రష్యా స్ఫటిక శాస్త్రజ్ఞుడు ఫెదరోవ్ నిరూపించాడు.

ఈసారి అమ్మ అద్దకం చీర ఆరవేసినప్పుడు చూడండి. మళ్ళీ మళ్ళీ వచ్చే అతి చిన్న ముక్క ఏదో, దాని అంచులు ఎక్కడ కలిశాయో కనిపెట్టగలరా?