ఖానాపూర్ గోదారి గట్టున... నడిచినంత చరిత్ర!

రెండున్నర వేల ఏళ్ల కిందటి మాట. గోదావరి ఒడ్డున ఆశ్రమం కట్టుకుని, ఏరుకున్న గింజలూ అడవి పళ్లూ తింటూ బతుకుతున్న బావరి అనే పెద్దాయనకు ఓ చిక్కు వచ్చిపడింది. ఎవరో వచ్చి అయిదు వందల నాణేలు అడిగాడు. ఉన్నదంతా అప్పటికే యజ్ఞంలో దానం చేసేశానన్నాడు బావరి. వచ్చినవాడికి కోపం వచ్చి ‘నీ తల ఏడు ముక్కలవుతుంది’ అని శపించి పోయాడు. ఆ మాటకు అర్థం చెప్పగలవాడు బుద్ధుడొక్కడేనని తెలిసి, బావరి తన పదహారు మంది శిష్యులను పంపాడు. పైఠన్, మహిష్మతి, ఉజ్జయిని, విదిశ, కౌశాంబి, సాకేతం, శ్రావస్తి, కపిలవస్తు, కుశీనగరం, వైశాలి మీదుగా వాళ్లు మగధ దాకా నడిచారు. సుత్తనిపాతంలోని ‘పారాయణ వగ్గ’లో ఈ దారంతా ఊరి పేర్లతో సహా ఉంది.

అంత దూరం నడిచినవాళ్లు బయల్దేరింది ఎక్కడి నుంచి? నిర్మల్ జిల్లా ఖానాపూర్ మండలంలోని బాదన్‌కుర్తి నుంచేనంటారు కొందరు చరిత్రకారులు. బావరి ఆశ్రమం గోదావరి రెండు పాయల నడుమ లంకలో ఉండేదని బౌద్ధ వ్యాఖ్యానాలు చెబుతాయి. బాదన్‌కుర్తి సరిగ్గా అలాంటి లంకే. కాదు, పైఠన్ వైపు వెతకాలనేవారూ ఉన్నారు. ఆ వాదన తేలేది కాదుగానీ... ఈ ఊరి రేవులో నిలబడి రెండు వైపులా పారే నీళ్లను చూసినవారికి మాత్రం మొదటివాళ్ల మాటే నమ్మాలనిపిస్తుంది!

బోర్డుల్లేని దారి

జర్మనీలో రైన్ నది వెంట బాన్ నుంచి వీస్‌బాడెన్ దాకా 320 కిలోమీటర్ల నడక దారి ఉంది. 2005లో తెరిచారు. ఒక కొండ మీద కోట, దాని కింద ద్రాక్షతోట, ఒడ్డున పాత ఊరు... ప్రతి మలుపులో గుర్తు వేసిన పలక. దారి తప్పడం కష్టం.

ఖానాపూర్ లోయలో దారి తప్పడమే సులువు. ఇక్కడా నది ఉంది, కోటలున్నాయి, వందల ఏళ్ల నాటి ఊళ్లున్నాయి. పలకలే లేవు. గొర్లు కాసే కాకను అడగాల్సిందే. ‘గీడనే, గా మర్రి దాటితె ఒచ్చె’ అంటాడు. ఆ ‘గీడనే’ మూడు కిలోమీటర్లు ఉండొచ్చు, ఆరు కూడా కావచ్చు. మంచినీళ్ల సీసా రెండు నింపుకోవడం మేలు.

లోయ రూపం తెలిస్తే నడక సులువవుతుంది. ఎగువన పోచంపాడు దగ్గర శ్రీరాంసాగర్ జలాశయం. అక్కణ్నుంచి గోదావరి తూర్పుకు సాగి, ఉత్తరాన నిర్మల్, ఖానాపూర్, కడెం మండలాలనూ, దక్షిణాన జగిత్యాల ప్రాంతాన్నీ తడుపుతూ ధర్మపురి వైపు పోతుంది. ఉత్తరపు ఒడ్డున పొలాలు దాటగానే గుట్టలు, గుట్టల మీద టేకు అడవి. ఆ అడవిలోంచే కడెం వాగు దిగివస్తుంది. కుంతాల దగ్గర నలభై అయిదు మీటర్ల ఎత్తునుంచి దూకే జలపాతం ఈ కడెందే. బొమ్మలకు పేరున్న నిర్మల్‌కు తేలికపాటి పొనికి కర్రను ఇచ్చిందీ ఈ అడవులే.

నక్షత్రం లాంటి కోట

కోటల కోసం మొదట నిర్మల్ వెళ్లాలి. పట్టణం చుట్టూ గుట్టల మీద కోటగోడలు విడివిడిగా కనిపిస్తాయి. శ్యామ్‌గఢ్, బత్తీస్‌గఢ్... ఒక్కోదానికి ఒక్కో పేరు. నిమ్మనాయుడు అనే పాలకుడి పేరుమీదే ఊరికి నిర్మల్ అని పేరొచ్చిందని చెబుతారు. పద్దెనిమిదో శతాబ్దంలో ఇది ధంసాగా పేరుపడిన జఫరుద్దౌలా ఇబ్రహీం బేగ్ చేతిలో ఉండేది. అప్పటికి ఫిరంగులు వచ్చేశాయి. నిటారుగా లేచే పాత గోడ ఫిరంగి గుండుకు నిలవదు. అందుకే ఫ్రెంచి ఇంజినీర్ల సాయం తీసుకున్నారు.

ఆ పనితనం బాగా తెలియాలంటే గోదావరి దాటి జగిత్యాల వెళ్లాలి. అక్కడి కోటను పైనుంచి చూస్తే నక్షత్రంలా ఉంటుంది. చుట్టూ అగడ్త. గోడ మూలలు కొనదేలి ముందుకు పొడుచుకొస్తాయి. ఎందుకంటే ఒక మూల నిలబడిన సిపాయికి పక్క మూల అడుగుభాగం దాకా కనిపించాలి. శత్రువు గోడ కింద దాక్కునే చోటే మిగలకూడదు. ఫ్రాన్స్‌లో వోబాన్ అనే సైనిక ఇంజినీరు ఇలాంటి కోటలకు పేరుపడ్డాడు. ఆయన కట్టినవాటిలో పన్నెండు చోట్లకు 2008లో ప్రపంచ వారసత్వ హోదా దక్కింది. ఆ విద్యకు దూరపు చుట్టం మన జగిత్యాలలో ఉందని ఎంతమంది పిల్లలకు తెలుసు?

నిజానికి ఇవి మధ్యయుగం చివరి అంచున కట్టినవి. అంతకంటే పాత వాసన కావాలంటే ఖానాపూర్ నుంచి ఘాట్ ఎక్కి ఉట్నూరు వెళ్లాలి. అక్కడిది గోండు రాజుల కోట. గోండులకు ఈ గుట్టల్లో రాజ్యాలూ, రాజులూ ఉండేవారన్న సంగతి పాఠ్యపుస్తకాల్లో ఒకటి రెండు వాక్యాలను మించి కనిపించదు. 1857 తిరుగుబాటు రోజుల్లో రాంజీ గోండు తన మనుషులతో ఇదే ప్రాంతంలో ఆంగ్లేయులను ఎదిరించాడు. ఆయననూ, వెయ్యి మంది సహచరులనూ ఉరి తీశారని చెప్పే ‘వెయ్యి ఉరుల మర్రి’ నిర్మల్‌లోనే ఉండేది. ఆ చెట్టు ఇప్పుడు లేదు.

ఈ కోటల్లో చాలావాటి గోడల సందుల్లో రావి మొక్కలు వేళ్లు దింపుతున్నాయి. ఏ చెట్టూ గోడను ఒక్కరోజులో కూల్చదు. ప్రతి వానాకాలం ఓ రాయి చొప్పున జరుపుతుంది.

కదిలిపోయిన ఊళ్లు

కడెం వాగు గోదావరిలో కలిసేలోపే దానికి అడ్డంగా ఆనకట్ట ఉంది. 1958లో వరదకు కట్ట తెగింది. అప్పట్లో ఉన్న గేట్లు చాలవని మరిన్ని జోడించారు. ఇప్పుడు పద్దెనిమిది. ఇవీ సరిపోవని 2022 జులైలో తేలింది. అయిదు లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చిపడింది. పదిహేడు గేట్లు లేచాయి, ఒకటి మొరాయించింది. నీళ్లు గేట్ల మీదుగా పొర్లాయి. దిగువ ఊళ్లను రాత్రికి రాత్రే ఖాళీ చేయించారు. కట్ట నిలిచింది! మరుసటి ఏడాది, 2023 జులైలో, మళ్లీ అదే భయం... ఈసారి నాలుగు గేట్లు తెరుచుకోలేదు.

కాబట్టి ఈ లోయలో నడకకు వానాకాలం పనికిరాదు. జులై నుంచి అక్టోబరు దాకా పైన శ్రీరాంసాగర్ గేట్లు ఎప్పుడు ఎత్తుతారో తెలియదు. ఇసుకలోకి దిగకూడదు. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు హాయి. ఫిబ్రవరి చివర్లో మోదుగలు పూస్తే గుట్టలు ఎర్రబారతాయి. ఆపైన ఇప్పపూల వాసన, దాంతోపాటే ఎండ.

అడవిలోకి ఎంత దూరం వెళ్లాలన్నది మన ఇష్టం కాదు. కవ్వాల్‌ను 2012లో పులుల అభయారణ్యంగా ప్రకటించారు. దాని కోర్ ప్రాంతమే సుమారు 890 చదరపు కిలోమీటర్లు. అటవీశాఖ అనుమతి లేకుండా అందులో నడవడం నేరం. పులికి చోటివ్వడం కోసం కోర్‌లోని రాంపూర్, మైసంపేట ఊళ్ల వాళ్లను 2024లో కడెం మండలంలోనే మద్దిపడగ దగ్గరికి తరలించారు. నష్టపరిహారంగా పదిహేను లక్షల రూపాయలు కానీ, ఇల్లూ భూమీ కానీ ఎంచుకోమన్నారు. కొత్త కాలనీలో పక్కా ఇళ్లున్నాయి. బడికీ ఆసుపత్రికీ దారి దగ్గరైంది. పాత ఊళ్లో మాత్రం ఇప్పచెట్లు ఇంటి వెనకే ఉండేవి.

ఊరు కదలడం ఈ లోయకు కొత్త కాదు. శ్రీరాంసాగర్ కట్టినప్పుడు నీళ్ల కోసం కదిలాయి. ఇప్పుడు పులి కోసం. రాజుల కోటలకు కనీసం పేర్లయినా మిగిలాయి. గూడేలకు మిగిలేది రెవెన్యూ దస్త్రంలో ఓ గీత. లోయలో నడిచేవారు కోట ముందు ఆగినట్టే, ఊరు లేచిపోయిన చోట కూడా ఓ నిమిషం ఆగితే బాగుంటుంది.

ఇప్పటికీ పనిచేస్తున్న పాత రాయి

ఇక ఖానాపూర్‌కు తిరిగొద్దాం. లోయ మొత్తంలో నడవడానికి అన్నింటికంటే తేలికైన చోటు ఇక్కడే ఉంది. మేడంపల్లి దగ్గర గోదావరి మీద సదర్‌మాట్. 1891-92లో, నిజాం పాలనలో, ఓట్లే అనే ఇంజినీరు ఆధ్వర్యంలో కట్టిన రాతి ఆనకట్ట. గేట్ల గొడవే లేదు. నీటిమట్టం పెరిగితే మీదినుంచి దూకుతుంది, తగ్గితే పక్క కాలువలోకి మళ్లుతుంది. ఖానాపూర్, కడెం మండలాల పొలాలు నూట ముప్పై ఏళ్లుగా ఈ నీళ్లతోనే పండుతున్నాయి. 2018లో కెనడాలోని సస్కటూన్‌లో జరిగిన అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ సమావేశంలో దీన్ని ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడంగా గుర్తించారు. మన రాష్ట్రం నుంచి దానితోపాటు ఆ గౌరవం దక్కింది కామారెడ్డి పెద్దచెరువుకు.

కోట కట్టిన దొర పోతే కోట పాడుబడింది. సదర్‌మాట్‌కు ఆ బాధ లేదు. ఏటా నాట్ల కాలానికి రైతుకు దానితో పనిపడుతుంది. ఎగువన మామడ మండలం పొన్కల్ దగ్గర కొత్త బ్యారేజీ వచ్చినా పాతదాన్ని పక్కన పెట్టలేదు.

సదర్‌మాట్ నుంచి కాలువ గట్టు పట్టుకుంటే చాలు, అదే నడకదారి. ఒకవైపు వరి, పసుపు, మొక్కజొన్న. ఇంకోవైపు దూరంగా టేకు గుట్టలు. అరుగుల మీద బీడీలు చుడుతున్న అమ్మలు ‘యాడికెల్లి ఒచ్చిన్రు బిడ్డా?’ అని పలకరిస్తారు. జవాబు చెప్పకుండా ముందుకు పోతే మర్యాద కాదు! చెప్పి కూర్చుంటే మంచినీళ్లు వస్తాయి. అదృష్టం బాగుంటే సర్వపిండి కూడా.

పొద్దున బాదన్‌కుర్తిలో మొదలుపెట్టి, మధ్యాహ్నానికి సదర్‌మాట్ చేరి, కాలువ గట్టున కాసేపు నడిచి వెనక్కి మళ్లితే సాయంత్రానికి ఖానాపూర్. చిన్నపిల్లలతో వెళ్లేవారికి ఇంత చాలు. నిర్మల్‌కు ఆఖరి బస్సు ఎన్నింటికో పొద్దున దిగేటప్పుడే కండక్టర్‌ను అడిగి పెట్టుకోండి.